పడనిది ఎవరి గిన్నెలో ఉంది

అధిక కార్తీకం, మొదటి సోమవారం

పైడమ్మా, ఎలా ఉన్నావు? మోకాలి నీరు తీసిందా, అలాగే ఉందా? చిన్నోడి దగ్గు తగ్గిందా? తగ్గకపోతే ఎర్రదుమ్ము ఛాతీలోకి పోయిందేమో చూపించు. తగ్గితే ఎందుకు తగ్గిందో అదీ చూపించు, ఊరికే తగ్గే దగ్గంటే నాకు నమ్మకం లేదు. కోడలికి వాంతులు ఆగాయా? కోళ్లు మేత ముడుతున్నాయా? మీ గుమ్మటానికి పడమటి పక్క గాజు బీటలు వారిందన్నారు, అతుకు వేశారా? వేసినవాడు పెళ్లయినవాడేనా? పెళ్లికానివాళ్లు ఏ పనైనా తొందరగా ముగించి వెళ్లిపోతారు. ఇక్కడ మీ బావ బాగానే ఉన్నారు. చెవులు ఇంకాస్త మందగించాయి, దాంతో ఆయనకు దిగులు కూడా మందగించింది.

ఇక నా కడుపు. మీ వైపు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు చూపించుకున్నాను. లోపలికి గొట్టం పంపి, నా పేగులు గోడ మీద సినిమాలా నాకే చూపించింది. పుండు లేదు, గడ్డ లేదు, పురుగు లేదు. "పేగు శుభ్రంగా ఉంది మామ్మా, కాకపోతే దానికి చిరాకు ఎక్కువ" అంది. చిరాకు పేగు అని ఒక జబ్బు ఉందట. ఏదో ఒక తిండి దానికి పడదు. అదేదో కనిపెట్టి మానుకుంటే ఊరుకుంటుందట. అన్నీ ఒక్కసారి మానకూడదు. ఒక్కొక్కటి ఒక్కో వారం మానాలి, చూడాలి, మళ్లీ తినాలి, చూడాలి. తిన్నది, కడుపు చేసింది రోజూ రాయాలి.

"ఎవరికి రాయాలి?" అన్నాను.

"ఎవరికీ కాదు మామ్మా, ఊరికే రాసుకో."

ఎవరికీ కాకుండా రాయడం నాకు చేతకాదు. చదివింది రెండో తరగతి. అందుకని నీకే రాస్తున్నాను. గుమ్మటాల మధ్య తిరిగే బోగీలో నీకు చేరేముందు డాక్టరమ్మ చదువుకుంటుంది. నీ మోకాలి సంగతీ ఆమెకు తెలుస్తుంది, మంచిదే.

నాకు ప్రాణాలు తీపై ఈ వైద్యం చేయించుకోవడం లేదు. మరిది, అదే మీ ఆయన, పోయిన రోజున బోగీ దాకా వచ్చి, తలుపు మూశాక దిగిపోవలసి వచ్చింది నాకు. ఈ నేల మీద మనుషుల ముక్కులన్నీ దుమ్ముకు చచ్చిపోయాయి కాబట్టి మన బదులు వాసన పెట్టెలు గాలిని చూసుకుంటాయి, చెడుగాలి తగిలితే కూసి తలుపులు దించేస్తాయి. బోగీలో పెట్టె నా మీద కూసింది. లోపల అందరికీ కలిపి ఒకటే గాలి. సంచి పట్టుకుని దిగాను. నువ్వక్కడ ఒక్కదానివి కూర్చున్నావు.

ఇక్కడి సంవత్సరం భూమి సంవత్సరానికి దాదాపు రెట్టింపు గనుక సంవత్సరీకం ఇక్కడి లెక్కనే పెట్టాలని పంతులుగారు తేల్చడం మన అదృష్టం. ప్రతి నెలా అధికం ఒకసారి, నిజం ఒకసారి రావడం వల్ల నాకు ఇంకా గడువు మిగిలింది. నిజ మార్గశిరానికి నేను నీ పక్కన ఉండాలి. ఈసారీ రాలేకపోతే ఇంక నేను నీకు తోడబుట్టిన అప్పనని చెప్పుకోను.

అధిక కార్తీకం, మొదటి గురువారం

మీ గుమ్మటంలో ఎవరి ఇంట్లో వాళ్లే అన్నీ వండుకుంటారు. మా వీధిలో పొయ్యికి ఒక్క వంటే. అంతకు మించి వేడి పుట్టించనివ్వరు. అన్నం నాది. పప్పు బంగారమ్మది, కూర సన్నాసమ్మది, చారు గౌరీసుది. పూటపూటా గిన్నెలు ఇటూ అటూ తిరుగుతాయి. వచ్చిన గిన్నెను వద్దనడమంటే వచ్చిన మనిషిని గుమ్మంలోంచి నెట్టినట్టే.

కాబట్టి పడని తిండి కనిపెట్టడమంటే, అది ఎవరి గిన్నెలోదో చెప్పడం. ఈ సంగతి డాక్టరమ్మకు ఎలా చెప్పను?

నా బియ్యం మీద నాకు అనుమానం లేదు. ముందు పప్పు మానదామనుకున్నాను. బంగారమ్మ వరసకు కూతురు, కోపం వచ్చినా నాలుగు రోజుల్లో దిగుతుంది.

"పప్పు వొద్దా?" అంది, గిన్నె దించకుండానే.

"డాక్టరమ్మ చెప్పిందే."

"మీ పేగుకి నా పప్పంటే సిరాకేటి పిన్నీ? మా అత్తకి లేని సిరాకు మీ పేగుకెందుకు?"

"ఒక్క వారమే."

"వారమంటే ఏటి, నిజ వారమా అధిక వారమా?"

సాయంత్రం దాకా దిగులు పడ్డాను. సాయంత్రం పెట్టె కూసింది. వీధి తలుపులు రెండు వైపులా పడిపోయాయి. అందరూ మూతికి తొడుగులు వేసుకుని గడపల్లో నిలబడి నా ఇంటికేసి చూశారు. బడి పిల్లలు మాత్రం గెంతారు. పెట్టె కూస్తే వాళ్లకు సెలవు.

అధిక కార్తీకం, రెండో శనివారం

పప్పు మానాను. కడుపు ఉబ్బడం మానలేదు. తిరిగి పప్పు తిన్నాను. తేడా లేదు. పప్పు నిర్దోషి అని చెప్పడానికి బంగారమ్మ ఇంటికి వెళ్లాను. ఆ సమయంలోనే వాళ్లమ్మాయికి పెళ్లిచూపులు. నేను గుమ్మంలో నిలబడ్డానో లేదో, పెట్టె కూసింది. తలుపులు పడ్డాయి. పెళ్లివారు సాయంత్రం దాకా బయటకు పోలేకపోయారు. చేసేది లేక మాట్లాడుకున్నారు. పిల్ల జాతకంలో ఏదో దోషం ఉందన్నారు. మనమే కుజుడి మీద కాపురం ఉంటుంటే ఇక్కడ కుజదోషం ఏమిటని బంగారమ్మ మొగుడు అడిగాడు. ఇక్కడ పట్టేది భూదోషం అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. తేల్చుకునే సరికి రెండుసార్లు టీలు అయ్యాయి, సంబంధం కుదిరిపోయింది.

తలుపులు లేచాక బంగారమ్మ నా చేతులు పట్టుకుంది.

"పిన్నీ, ఇంకో గుంట ఉంది. దాని పెళ్లిచూపులకి కూడా రావాల."

నాకు నవ్వు రాలేదు. నా చావు నేను చస్తుంటే వీధిలో నాకు గిరాకీ పుట్టింది.

అధిక కార్తీకం, మూడో శనివారం

కూర మానాను. సన్నాసమ్మ కోప్పడలేదు. జాలిపడింది, అది ఇంకా కష్టం. రోజూ గిన్నె పట్టుకుని వచ్చి, గడప దగ్గర నిలబడి, "తినకు వొదినా, వొట్టినే సూడు" అని మూత తీసి చూపించి వెళ్తుంది. వారం తరువాత మళ్లీ తిన్నాను. ఆ రోజు కడుపులో డప్పులు మోగాయి. సరే దొరికింది, కూరే అనుకున్నాను. కానీ కూర మానిన వారంలోనూ పెట్టె కూసింది. అప్పుడు ఏమిటి? కూరా దొంగే, పప్పూ దొంగేనా? వీధి మొత్తం దొంగలయితే నేను ఎవరిని మానను?

డాక్టరమ్మ నేను రాసింది చదివి, కణతలు నొక్కుకుంది.

"ఇంకేమైనా తింటున్నారా మామ్మా?"

"ఏం తింటానమ్మా, ఆ నాలుగు గిన్నెలే."

మీ బావ పంతులుగారిని పిలిపించారు. పేగుకు కోపం వస్తే శాంతి చేయాలిగా అని. పంతులుగారు గ్రహశాంతి తెలుసు గానీ పేగుశాంతి చేయించలేదన్నారు. చివరకు ఎందుకైనా మంచిదని నా కడుపు మీద అక్షింతలు వేసి వెళ్లారు.

అధిక కార్తీకం, చివరి మంగళవారం

బోగీ పరీక్షకు వెళ్లాను. నీకు తెలియదేమో, మన లాంటి వాళ్లను ముందు గాజు గదిలో కూర్చోబెడతారు. ప్రయాణం ఎంతసేపో అంతసేపు. లోపల పెట్టె కూయకపోతే టికెట్టు. కడుపు మాడ్చుకుని రావడానికి లేదు, మామూలుగా తినే రావాలి. బోగీ మేస్త్రీ తవుడు తలుపు దగ్గర నిలబడి, ఏం తిన్నానో అడిగి మరీ లోపలికి పంపాడు.

"పప్పు తిన్నావా పెద్దమ్మా?"

"తిన్నాను."

"కూర?"

"తిన్నాను నాయనా."

"మరి దైర్యంగా కూకో."

మంగళవారం వద్దని నేను ముందే చెప్పాను. ఉన్నదే మంగళుడి మీద, ఇంక మంగళవారం ఏం చేస్తుంది అన్నారు మీ బావ. వీధి మొత్తం చాపలు తెచ్చుకుని గాజు బయట కూర్చుంది. సన్నాసమ్మ విసనకర్ర తెచ్చింది, గాజుకు విసిరింది. గౌరీసు తన చారు ఫ్లాస్కులో పట్టుకొచ్చి, ఎవరికి కావాలన్నా పోస్తున్నాడు.

లోపలి నుంచి వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ముఖం ఎర్రబడింది సూడు."

"అది ముఖం కాదు, గాజు రంగు."

"అప్పా, కదలకు. కదిలితే దిగుతాది."

"దిగడం కాదురా, పైకొస్తాది."

కదలలేదు. ఊపిరి కూడా చిన్నచిన్నగా తీసుకున్నాను. సగం దాటాక, ఇంక పరవాలేదు అనుకున్న క్షణంలో, నా కడుపు నన్ను అడగకుండా తన పని తాను చేసుకుంది. పెట్టె అంత గట్టిగా కూయడం నేనెప్పుడూ వినలేదు. బోగీ స్టాండు తలుపులు కూడా పడ్డాయి. అవతల బయలుదేరబోయే బోగీ ఆగిపోయింది.

తవుడు గాజు తలుపు తీసి, నాకు చెయ్యి అందించాడు. "ఇంకొక్కసారి రాయొచ్చు పెద్దమ్మా. ఒక్కసారే" అన్నాడు. రెండుసార్లు తప్పితే ఈ జన్మకు బోగీ లేదు.

ఇంటికొచ్చి ముసుగు పెట్టాను. పైడమ్మా, నువ్వు ఎదురు చూడకు అని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

నిజ కార్తీకం, రెండో ఆదివారం

ఏదో జరిగింది. పొద్దున్న కడుపు మెత్తగా ఉంది. నిన్నా అంతే. మొన్నా అంతే. పెట్టె కిమ్మనడం లేదు. దాని ఎదుట నిలబడి, చెడిపోయిందేమోనని తట్టి చూశాను. మీ బావను దాని దగ్గర కూర్చోబెట్టాను. ఆయనకు కూసింది. పెట్టె బాగానే ఉంది.

ఈ వారం మానింది చారు. అంటే దోషి చారు. చింతపండో, మిరియమో. గౌరీసుకు చెప్పాలి. పెళ్లాం పోయాక వాడికి మిగిలింది ఆ చారొక్కటే. ఆవిడ చేతి రుచి పట్టుకోవడానికి ఎన్ని గిన్నెలు పారబోశాడో వీధి అంతటికీ తెలుసు. వెళ్లి చెప్పాను. వాడు గరిటె కింద పెట్టాడు.

"మా ఆవిడ సారు తప్పంటావా అప్పా?"

"చారు మంచిదేరా. నా పేగే మంచిది కాదు."

"ఒకే మాట రెండు పక్కలా సెప్తన్నావు" అని లోపలికి పోయాడు. ఆ పూట వీధికి చారు లేదు. అందరూ మజ్జిగతో తిన్నారు. అందరికీ కోపం నా మీదే.

నిజ కార్తీకం, మూడో మంగళవారం

డాక్టరమ్మ ఊరుకోలేదు. మానింది మళ్లీ తిని చూడాల్సిందే అంది. గౌరీసును బతిమాలి చారు పోయించుకున్నాను. గ్లాసు తాగాను. రెండో గ్లాసూ తాగాను. భయంతో మంచం మీద పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. ఏమీ కాలేదు. సాయంత్రానికి కూడా ఏమీ కాలేదు.

చారు కాదు. పప్పు కాదు. కూర కాదు. అన్నీ తింటున్నాను, కడుపు నిమ్మళంగా ఉంది. ఇది మంచిదే కదా అంటారు మీ బావ. కారణం తెలియని మంచి, చెప్పకుండా వచ్చిన చుట్టంలాంటిది. ఎప్పుడు లేచి వెళ్తుందో తెలియదు. గాజు గదిలోనే వెళ్లిపోతే?

నిజ కార్తీకం, మూడో శుక్రవారం

దొరికింది పైడమ్మా. నీకు నిదానంగా చెప్తాను.

ఇవాళ సన్నాసమ్మ కూరగిన్నె పట్టుకుని, మొహం వేలాడేసుకుని వచ్చింది.

"వొదినా, ఏటీ అనుకోకు. రెండు వారాలయ్యి కూరలో అది ఎయ్యట్లేదు. స్టోరులో లేదు, మడి గుమ్మటంలో పంట అయిపోనాదంట."

"ఏది వేయట్లేదు?"

"అదే. నీ కోసం ఎస్తన్నది."

"నా కోసం ఏం వేస్తున్నావే?"

"ఎల్లుల్లి. గాలికి మంచిది గదా. మొదట్లో రెండు రెబ్బలే. నీ పెట్టె కూసినకొద్దీ పెంచుకుంటా వచ్చాను. పరీచ్చ రోజు ఒక పాయకి పాయ నూరీసాను."

కూర్చున్న దాన్ని లేచాను. తిన్నగా బంగారమ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె చూరు వైపు చూసింది.

"మీకు సెప్తే వొద్దంటారని సెప్పలేదు పిన్నీ. పప్పులో మెదిపీసేదాన్ని. మీరు పప్పు మానీసిన వారం మీ మజ్జిగలో కలిపించాను, బాబాయికి సెప్పి."

మీ బావ వైపు తిరిగాను. ఆయనకు ఆ సమయంలో ఏమీ వినబడలేదు.

గౌరీసు కూడా అంతే. చారు పోపులో రెబ్బలు, తాలింపు దించాక మళ్లీ రెబ్బలు. ఎవరికి వాళ్లు, రెండోవాళ్లకు తెలియకుండా. నా కడుపు ఎంత అరిస్తే అంత మందు. గుర్తుపట్టడానికి నాకు ముక్కెక్కడిది, ఈ వయసులో నాలుకెక్కడిది?

అందరినీ తిడుతూ ఇంటికి వచ్చి, పొయ్యి దగ్గరి డబ్బా చూశాక నోరు మూసుకున్నాను. రోజూ పరగడుపున పొయ్యి మీద ఒక వెల్లుల్లి రెబ్బ కాల్చి నమిలేదాన్ని, మనమ్మ చెప్పినట్టు. డబ్బా ఖాళీ అయి నేనూ రెండు వారాలుగా తినడం లేదు. డాక్టరమ్మకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. తిండి ఏం తిన్నావని అడిగింది గానీ, మందు ఏం తిన్నావని అడగలేదుగా.

వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ చాలాసేపు నవ్వింది. తరువాత నా మొహం చూసి ఆపేసింది.

"వెల్లుల్లి అందరికీ చెడ్డదని కాదు మామ్మా. మీ పేగుకు పడదు. పేగులో పులిసి గాలి పుట్టిస్తుంది. మందు పేరు పెట్టినా అది తిండే. ఇంకోసారి కొద్దిగా తిని చూసి ఖాయం చేసుకుందామా?"

స్టోరులో అడుగున ఒక ఎండు రెబ్బ దొరికింది. తిన్నాను. పెట్టె కూసి తలుపులు పడ్డాయి. బంగారమ్మ చిన్నకూతురికి ఇవాళ పెళ్లిచూపులు లేకపోవడం ఒక్కటే లోటు.

అధిక మార్గశిరం, రెండో గురువారం

కొత్త వెల్లుల్లి పంట వచ్చేసింది. వీధంతా సంబరం, నాకు గుండెదడ. వీధి సభ పెట్టాం. పరీక్ష దగ్గరపడింది. వెల్లుల్లి లేకుండా వండమని నలుగురిని ఎలా అడగను? సన్నాసమ్మ మొగుడు వెల్లుల్లి లేకపోతే ముద్ద దిగదంటాడు.

"ఒక్క మనిసి కోసం వీదంతా సప్పిడి తినాలేటి?" అన్నాడు.

"తినక్కర్లేదు. నా వంతు పోపుకు ముందే తీసి పక్కన పెట్టండి. వేరే గరిటె పెట్టండి. పోపు మీ గిన్నెలో వేసుకోండి, నా గిన్నెలో ఇంగువ చాలు" అన్నాను. ఇది డాక్టరమ్మ చెప్పిన ఉపాయమే.

సన్నాసమ్మ కళ్లు తుడుచుకుంది.

"పోపు లేని కూర నీ కాడికి ఏ మొకంతో తెస్తాను వొదినా? అనాదకి పెట్టినట్టుంటాది."

"నా మీద ప్రేమ ఉంటే ఉప్పులో చూపించు" అన్నాను. గౌరీసు ముందుగా లేచాడు.

"ఇంగువ మా ఆవిడ కూడా ఏసీది" అన్నాడు. అది నిజమో కాదో నేను అడగలేదు. వాడు ఒప్పుకున్నాక మిగతావాళ్లూ ఒప్పుకున్నారు.

అయినా నాకు నమ్మకం చాలక, గిన్నె వచ్చినప్పుడల్లా "ఒట్టు?" అని అడుగుతున్నాను. "ఒట్టు" అంటున్నారు. బంగారమ్మ ఒకసారి ఆగి, "ఒట్టు" అంది. ఆ గిన్నె మీ బావకు పెట్టాను.

అధిక మార్గశిరం, చివరి బుధవారం

గాజు గది. అన్నం, పప్పు, కూర, చారు అన్నీ తిన్నాను. మళ్లీ చాపలు, మళ్లీ ఫ్లాస్కు. ఈసారి ఎవరూ మాట్లాడలేదు. దానికి ఇంకా భయం వేసింది. "ఏదైనా అనండర్రా" అని లోపలి నుంచి అరిచాను. అప్పుడు బంగారమ్మ చిన్నకూతురి సంబంధం గురించి మొదలుపెట్టారు. కట్నం లేదట, గాలి గొట్టాల పనివాడట, ఎత్తు తక్కువట. వింటూ ఉండగా నా కడుపు సంగతే మరచిపోయాను. ఎత్తు తక్కువైతే ఇక్కడ ఏం నష్టం, నేల ఎలాగూ మనల్ని గట్టిగా పట్టుకోదు కదా అని నేను లోపలి నుంచే వాదిస్తున్నాను. ఇంతలో తవుడు గాజు మీద తట్టాడు.

"పెద్దమ్మా, ఇంక బయటికి రా. ఎప్పుడో అయిపోనాది."

పెట్టె వైపు చూశాను. దాని పచ్చదీపం అలాగే ఉంది.

సన్నాసమ్మ ఏడ్చింది. గౌరీసు మిగిలిన చారంతా తవుడికి పోశాడు. మీ బావ, "టికెట్టు ఒకటా రెండా?" అని అడిగారు. ఆ మాట మాత్రం ఆయనకు ఎలా వినబడిందో. రెండు అన్నాను.

పైడమ్మా, నేను వస్తున్నాను. మీ బావ కూడా. నువ్వు ఏదీ ప్రత్యేకంగా వండకు. వండితే నా వంతు పోపుకు ముందు తీసి పెట్టు. మీ వీధిలో ఎవరైనా అప్ప కడుపుకు మంచిదని ఏమైనా పట్టుకొస్తే గుమ్మంలోనే పుచ్చుకుని, థాంక్స్ చెప్పి, కోళ్లకు వేసెయ్. కోళ్లకు పడుతుందో లేదో ముందు కనుక్కో.

మరిది పోయిన రోజు నువ్వు ఇంట్లో ఏ పక్కన కూర్చున్నావో, బోగీతో పాటు మీ దగ్గరకు వచ్చిన తవుడు చెప్పాడు, కిటికీ వైపట. ఈసారి ఆ కిటికీ వైపు నేను కూర్చుంటాను, చల్లగాలి నీ మోకాలికి మంచిది కాదు. సంవత్సరీకం శుక్రవారం కాబట్టి రెండు రోజులు ముందే వస్తాం. తవుడు చీటీ మీద ముద్ర వేశాడు. పొద్దున్న మొదటి బోగీ, నిజ మార్గశిరం, రెండో బుధవారం.